తీగకు చుట్టిన టేపు

మా ఆడపడుచు భర్తకు ఒక వ్యాను ఉండేది, దాన్ని మా ఆయన నడిపేవాడు. అనకాపల్లిలో కూలీలను ఎక్కించుకుని పరవాడ కంపెనీల దగ్గర దింపడం, షిఫ్టు దిగినవాళ్ళను తిరిగి తేవడం. బండి ఆ బావదే, కానీ మా ఆయన దాన్ని కడిగే తీరు చూస్తే పసిబిడ్డకు తలంటినట్టు ఉండేది.

ఒకసారి స్పీడు ముల్లు సున్నా దగ్గరే పడుండిపోయింది. ముల్లు కదలకపోతే కిలోమీటర్ల అంకెలూ తిరగవు. ఓనరుకు తెలియకుండా సొంత కిరాయిలకు తిరగాలనుకునే డ్రైవర్లు కొందరు ముల్లుకు వెళ్ళే వైరు కోసేసి, వచ్చాక మళ్ళీ అతికించేవారు. బావకు ఆ అనుమానమే వచ్చింది.

"ఏరా, వైరు పీకి ఎక్కడ తిరుగుతున్నావు? రోలుగుంటలో రెండో కాపురమెట్టేవేటి?" అన్నాడు మా గుమ్మంలో. నవ్వుతూనే అన్నాడు గానీ, నేనిచ్చిన టీ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

"నానేటి దొంగనా? బాగుసేసి సూపిత్తాను," అన్నాడు మా ఆయన.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, ముందు చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, వెనక చక్రాన్ని జాకీ మీద లేపాడు. నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు.

"ముల్లు కదిలిందేటే?"

"నేదు."

గేరుబాక్సు దగ్గర సెన్సారు ఉంటుంది. బండి వేగం ముల్లుకు చెప్పేది అదే. దాన్ని విప్పి మడ్డి తుడిచి బిగించాడు. ముల్లు కదల్లేదు. ఇక దాని తీగను పట్టుకున్నాడు. ఒక కొసకు బ్యాటరీ, ఇంకో కొసకు చిన్న బల్బు పెట్టి, బల్బు నా చేతికిచ్చి, తీగను కొంచెం కొంచెంగా వంచుతూ వచ్చాడు.

"ఎలిగిందా?"

"నేదు."

"ఇప్పుడు?"

"ఎలిగింది... అయ్యో, ఆరిపోనాది!"

"దొరికేడు దొంగెదవ!"

పైన రబ్బరు నిగనిగలాడుతోంది, లోపల రాగి తెగిపోయింది. ఆ ముక్క కోసేసి, కొసలు మెలేసి, నల్ల టేపు చుట్టాడు. చక్రం తిప్పగానే ముల్లు లేచింది. నేను కేక పెట్టాను. ఆయన మొహమంతా గ్రీజుతో చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ సాయంత్రమే బావను పిలిచాడు. బావ ముల్లు వైపు చూడలేదు. కిందకు వంగి కొత్త టేపును చూశాడు.

"కోసి అతికించేవన్నమాట."

"బాగుసెయ్యడానికి కోసేను బావా. ఇదిగో, పాడైన ముక్క."

"అది ఏ బండిదో ఎవుడికి తెలుసు? తాళాలియ్యి."

"అన్నయ్యా, బల్బు పట్టుకున్నది నానే. నా కళ్ళతో సూసేను," అన్నాను.

"మొగుడి తరపు మాటాడక ఇంకేటి సేత్తావులే సెల్లీ."

మెకానిక్కు దగ్గర చేయించి ఉంటే ఒక సాక్షి ఉండేవాడు. ఈయన తన చేత్తోనే చేసి చూపించాలనుకున్నాడు. తాళాలు బావ చేతిలో పెట్టాడు.

మర్నాడు అలవాటుగా చీకటితోనే లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాక గుర్తొచ్చినట్టుంది, మంచం మీద కూలబడ్డాడు. వీధి చివర వ్యాను కదిలిన చప్పుడైంది. ఎవరో కొత్త డ్రైవరు గేరు వేస్తే గరగరమంది.

"రెండో గేరు అలాగ గుంజకూడదు. మెల్లగెయ్యాల," అన్నాడు, పక్కన కూర్చున్న డ్రైవరుకు చెబుతున్నట్టు.

తర్వాత ఆ బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు.