జాబితాలో లేని ఒక్క ఫైలు

మా వదినని ఆసుపత్రిలో అందరూ వేలిముద్రల మేడమ్ అంటారు. ఆవిడ పోలీసు కాదు, కంప్యూటర్ల గదికి ఇన్‌ఛార్జి. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది వచ్చినా అందులోని ప్రతి ఫైలుకీ హ్యాష్ తీస్తుంది. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్రే, అరవై నాలుగు అంకెలూ అక్షరాలూను. ఫైలు పేరు మార్చినా ముద్ర మారదు. లోపల ఒక్క చుక్క మారితే మొత్తం మారిపోతుంది. తయారుచేసినవాళ్లు ప్రకటించిన ముద్రతో సరిపోతేనే తన జాబితాలోకి ఎక్కిస్తుంది. ఆవిడ కిందే పనిచేసే నేను, "అన్నయ్య చొక్కాలకి కూడా ముద్రలు తీస్తావా వదినా?" అని ఆటపట్టించేవాణ్ణి.

ఒక ఉదయం ల్యాబ్ కంప్యూటర్ మొండికేసింది. రక్తపరీక్షల ఫలితాలు వార్డులకి వెళ్లడం లేదు. నర్సుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ కంప్యూటర్లో నలభై వేల ప్రోగ్రాము ఫైళ్లున్నాయి, తప్పు దేనిదో ఎలా తెలుస్తుంది? నేను తల పట్టుకున్నాను. వదిన అన్నిటికీ ముద్రలు తీసి జాబితాతో పోల్చింది. తెలిసినవన్నీ పక్కకి పోయాయి. అరగంటలో ఒక్కటే మిగిలింది.

దాని పేరు చూడగానే గుర్తుపట్టాను. రిపోర్టులు త్వరగా ప్రింటవుతాయని ఎక్కణ్ణుంచో తెచ్చి, ఆవిడకి చెప్పకుండా వేసింది నేనే. ముద్ర చూడకపోలేదు. కానీ ఫైలు దొరికిన చోటే రాసిపెట్టిన ముద్రతో పోల్చుకున్నాను. దొంగనే అడిగి దొంగ కాదని తేల్చుకున్నానన్నమాట.

వదిన దాన్ని తీసేసింది. ఫలితాలు కదిలాయి. ఇక ఏం జరిగిందో సూపరింటెండెంట్ గారికి రిపోర్టు రాయాలి.

"దీన్ని కూడా తెలిసినవాటిలో కలిపెయ్ వదినా. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు."

"తెలీనిదాన్ని తెలుసని ఎలా రాయను? పద, సూపరింటెండెంట్ గారికి నువ్వే చెప్పు. పక్కన నేనుంటా."

ఒళ్లు మండిపోయింది, దాచుకోను. అయినా వెళ్లి చెప్పాను. నా పర్మనెంట్ సంగతి ఏడాది వెనక్కి పోయింది.

ఆయన వదిన వైపు తిరిగారు. "వేసింది మీ మరిదేనని ముందే తెలుసామ్మా?"

"తెలుసండి. ఎవరు వేశారో కంప్యూటర్లోనే ఉంటుంది." వదిన నా వైపు తిరిగింది. "అందుకే దాని ముద్ర మూడుసార్లు తీసి చూశాను, ఒక్కసారన్నా సరిపోతుందేమోనని."