కళ్లు లేని విగ్రహం మీద నా పేపరు

1981 జూన్‌లో నన్ను నంద్యాలకు వేశారు. హోదా సీనియర్ రీసెర్చ్ ఫెలో. అంటే డాక్టరేటు ఇంకా రాలేదు, దాని తాలూకు గర్వం మాత్రం ముందే వచ్చేసిందని అర్థం. పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, జ్ఞాపకం, మాట, చూపు, బొమ్మ గీసే శక్తి ఎంతెంత మిగిలాయో పరీక్షించడం నా పని. మెదడులో ఏ చోట దెబ్బ తగిలితే ఏ శక్తి పోతుందో వెతికే శాస్త్రం మాది. ఇప్పుడు దానికి పెద్ద పేరే ఉంది కానీ అప్పట్లో మా చుట్టాలు నన్ను పిచ్చి డాక్టరనే అనుకునేవారు. నేను పుట్టిపెరిగింది నంద్యాలలోనే. మా నాయన మిషన్ బళ్లో టీచరు. ఈ ప్రాంతం గురించి నాకు తెలియనిది ఉండదని మా ప్రొఫెసరు నమ్మారు. ఆయనకన్నా గట్టిగా నేను నమ్మాను.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వరసగా ఉండేవి. అందులో ఒకటి సుబ్బాచారిది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. అంతకు ఆరు నెలల ముందు ఎడమ చెయ్యి, కాలు పడిపోయి, చాలావరకు తేరుకుని మళ్లీ ఉలి పట్టాడు. అవుకు దగ్గర ఒక ఊళ్లో కడుతున్న గుడికి అమ్మవారి విగ్రహం చెక్కుతున్నాడు. జబ్బు తర్వాత దొరికిన మొదటి పని అది. అది బాగా కుదిరితేనే మళ్లీ తన భర్తను నమ్మి ఎవరైనా పని చెబుతారని ఆయన భార్య ఈశ్వరమ్మ మొదటిరోజే నాతో అంది. ఆ మాటను నేను ‘కుటుంబ నేపథ్యం’ అనే గడిలో రాసుకున్నాను.

పరీక్షలు పెట్టాను. అంకెలు చదివితే తప్పు లేకుండా తిరిగి అప్పజెప్పాడు. గీతకు సరిగ్గా మధ్యన చుక్క పెట్టమంటే నా స్కేలు సిగ్గుపడేటట్టు పెట్టాడు. నాకు నీరసం వచ్చింది. ఏ లోపమూ లేని రోగి మీద పేపరు ఎలా రాస్తాం? చివరికి అమ్మవారి బొమ్మ గీయమన్నాను. కిరీటం, ముక్కుపుడక, వేళ్లకు ఉంగరాలతో సహా గీశాడు. కళ్లు గీయలేదు. తలెత్తి విగ్రహం వైపు చూశాను. అక్కడ కూడా రెప్పల దాకా చెక్కి, కళ్లు వదిలేశాడు.

నా పేపరు దొరికింది. కళ్లెందుకు పెట్టలేదని అడిగాను.

“దానికి టైముందిలే సార్,” అన్నాడు. మళ్లీ అడిగితే, “ఇప్పుడు కాదు,” అని ఉలి అందుకున్నాడు.

కొందరు రోగులకు తమ లోపం తమకే తెలియదు. అడిగితే ఇలాగే మాట దాటవేస్తారని పుస్తకాల్లో చదివి ఉన్నాను. ఫారంలో ‘జవాబు దాటవేశాడు, లోపం గురించి ఎరుక లేదు’ అని రాశాను. పోలిక కోసం, జబ్బుకు ముందు ఆయన చెక్కిన విగ్రహాలను మూడు గుళ్లకు తిరిగి చూశాను. అన్నిటికీ చక్కటి కళ్లున్నాయి. ముందు ఉన్నాయి, తర్వాత లేవు. అంతకన్నా ఏం కావాలి నాకు?

ఒకే ఒక్క రోగి గురించి రాసే పేపరును కేస్ రిపోర్ట్ అంటారు. పక్షవాతం తర్వాత కళ్లు చెక్కే శక్తి ఒక్కటే పోగొట్టుకున్న శిల్పి గురించి పద్నాలుగు పేజీలు టైపు చేయించి, ఫొటోలు జతచేసి, ఒక విదేశీ పత్రికకు పంపాను. అందులో తమ లోపం తెలియని రోగుల గురించే పేజీన్నర ఉంది. నాలుగు నెలలకు, వేసుకుంటామని జాబు వచ్చింది. ప్రొఫెసరు భుజం తట్టారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ ఊపులోనే ఒకరోజు ఆళ్లగడ్డ బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన, సుబ్బాచారికి విగ్రహం పని ఇచ్చిన గుడి కమిటీ పెద్ద ఓబుల్ రెడ్డి. మా ఆచారి ఎట్లుండాడని అడిగాడు. రోగి సంగతులు బయట చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. కొత్తగా చేరినవాళ్లకు ఆ నియమం బోధించేవాణ్ణి నేనే. అయినా నోటిదురద ఆగలేదు. ఆయన మెదడులో కళ్లు చెక్కే చోటు దెబ్బతిందనీ, ఇక కళ్లు చెక్కలేడనీ విడమరిచి చెప్పాను.

మూడో రోజు ఉదయం ఈశ్వరమ్మ నంద్యాలలో మా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఏమప్పా, మా ఆయనకు కండ్లు చెక్కేది రాదని చెప్పినావంట. కమిటీవాళ్లొచ్చి పని ఇంకొకరికి ఇస్తామంటాండారు. యాడ సూసినావు నువ్వు?”

నేను ఎంతో మర్యాదగా విగ్రహం ఫొటో తీసి, కళ్లు లేని చోట వేలు పెట్టి చూపించాను. ఆమె ఫొటో చూసింది. తర్వాత నా మొహం చూసింది.

“ప్రతిష్ఠ దినం కదప్పా కండ్లు తెరిచేది. అంతవరకు ఎవురూ పెట్టరు. కాగితం మింద గీసినా మా ఆయన పెట్టడు. పక్క షెడ్లోకి పోయి సూసినావా? ఆడ పన్నెండు ఇగ్రహాలుండాయి, ఒక్కదానికీ కండ్లు లేవు. వాళ్లందరికీ పక్షవాతమేనా?”

నాకు తల కొట్టేసినట్టయింది. జబ్బున్నవాణ్ణి పరీక్షిస్తే, అదే పని చేసే జబ్బులేనివాణ్ణి కూడా పరీక్షించి పోల్చాలి. దాన్ని కంట్రోల్ అంటాం. మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలిసిన సంగతి. ఆ పక్క షెడ్డు పది అడుగుల దూరంలో ఉంది. ఎండకు తాళలేక దాని నీడలోనే నిలబడి బస్సు కోసం చూసేవాణ్ణి. నేను గుళ్లలో చూసినవన్నీ ప్రతిష్ఠ అయిపోయిన విగ్రహాలు. మాది చర్చికి వెళ్లే ఇల్లు కాబట్టి ఈ ఆచారం నాకు తెలియలేదు, నిజమే. కానీ తెలిసినవాడు రెండుసార్లు జవాబు చెప్పాడు. దాన్ని రోగలక్షణం కింద రాసుకున్నాను.

ఆరోజే ఈశ్వరమ్మ వెంట గుడి కడుతున్న ఊరికి వెళ్లి, కమిటీ ఎదుట నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. ఓబుల్ రెడ్డి సాంతం విన్నాడు.

“ఆ పొద్దు రాదంటివి, ఇప్పుడు వస్తాదంటాండావు. సదువుకున్నోనివి, ఏ మాట నమ్మల్ల సార్?”

చివరికి వాళ్లే ఒక దారి తేల్చారు. కళ్లు సుబ్బాచారే తెరవాలి. పక్కన ఇంకో శిల్పి సిద్ధంగా ఉంటాడు. చెయ్యి వణికితే ఉలి ఆయనకు ఇచ్చేయాలి. ఊరందరి ముందు ఆ ముసలాయనకు అటువంటి పరీక్ష తెచ్చిపెట్టింది నేనే. అదే రాత్రి పత్రికకు ఉత్తరం రాశాను: పేపరు వెనక్కి తీసుకుంటున్నాను, లోపం రోగిలో లేదు, పరిశోధకుడిలో ఉంది. ప్రొఫెసరు నెల రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రతిష్ఠ నాడు గర్భగుడికి తెర కట్టారు. లోపల సుబ్బాచారి, పూజారి, ఆ రెండో శిల్పి. బయట జనంలో ఈశ్వరమ్మకు కాస్త ఎడంగా నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. ఉలి మీద చిన్నగా సుత్తి చప్పుడు మొదలైంది. కాసేపటికి ఆగిపోయింది. నా మాట వల్ల ఒక మనిషికి చేతిలో పని పోతుందన్న భయం ముందు, పోయిన పేపరు గుర్తుకే రాలేదు. మళ్లీ చప్పుడు వినిపించింది, ఈసారి ఆగకుండా.

ముందుగా రెండో శిల్పి బయటికి వచ్చాడు. తువ్వాలులో చుట్టిన ఉలిని విప్పనే లేదు. “నాకేం పని పడలేదన్నా,” అన్నాడు ఓబుల్ రెడ్డితో. అమ్మవారి మొదటి చూపు వాటి మీద పడాలని ఆవునూ దూడనూ తెచ్చి ఎదుట నిలబెట్టారు, అద్దం పట్టారు, తెర తీశారు. రెండు కళ్లూ తిన్నగా మమ్మల్నే చూస్తున్నాయి. ఈశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

సుబ్బాచారి చేతుల దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“టైమైంది సార్. ఇప్పుడు రాసుకో.”

ఆరోజు నా దగ్గర ఫారం లేదు.

నా ప్రచురణల జాబితాలో ఆ పేపరు కనిపించదు. తర్వాతి ఉద్యోగకాలమంతా నేను తయారుచేసిన ప్రతి ఫారంలోనూ రెండు గడులు అదనంగా ఉండేవి. ఒకటి, ‘రోగి చెప్పిన జవాబు, అతని మాటల్లోనే’. రెండోది, ‘పక్క షెడ్డు చూశారా?’ కొత్తగా చేరినవాళ్లు ఇదేమిటని అడిగితే కంట్రోల్ అని చెప్పేవాణ్ణి. ఆ రెండూ నింపకుండా తెచ్చిన ఫారం మీద నేను సంతకం పెట్టలేదు.