చెయ్యి ఆమెది, గొంతు ఎవరిదో

మా పెద్దమ్మ పోయింది. నల్లగొండ దవాఖాన నుంచి అన్న ఫోన్ చేసి చెప్పాడు. మీలో కొందరు ఆమెను చూసే ఉంటారు. చిట్యాల దాటాక హైవే పక్కన, కళ్లకు పెద్ద అద్దాలు తగిలించి చేనేత ఇల్లు చూపించే ప్రదర్శన ఉంది కదా, అందులో నూలు తిప్పుతూ కబుర్లు చెప్పే ముసలామె మా పెద్దమ్మే.

కబుర్లు! తలచుకుంటేనే రోత పుడుతుంది.

పెద్దమ్మ ఆసు పోసేది. మేకుల చుట్టూ పోగులు లెక్కపెడుతూ వేల సార్లు చెయ్యి తిప్పే పని. ఆ సమయంలో ఆమె నోరు విప్పేది కాదు. చిన్నప్పుడు ఒకసారి ఆకలని అరిచి లెక్క తప్పించాను. తిట్టలేదు. పోసినదంతా విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

"ఒక్క పోగు తప్పితే పువ్వు పక్కకు జరుగుతది బిడ్డా. కట్టుకునేటోళ్లకు తెల్వదు, నాకు తెలుస్తది" అంది.

ప్రదర్శన వాళ్లు ఆమె పనిని వీడియో తీస్తామని వచ్చినప్పుడు ఒప్పించింది నేనే. "తీసుకోండ్రి. గని నడుమ నన్ను మాట్లాడియ్యొద్దు" అని ఒకే షరతు పెట్టింది. వాళ్లు బుద్ధిగా తలూపారు. తీరా చూస్తే, తియ్యటి పుస్తకాల తెలుగులో ఎవరో అమ్మాయి గొంతు అతికించారు. పెద్దమ్మ అద్దాలు తీసి నా చేతిలో పెట్టింది.

"చెయ్యి నాదే. నోరెవరిది? లెక్కల ఉన్నామె గట్ల ముచ్చట పెడతదా? మనోళ్లు చూస్తే నవ్వరా? జర తీసెయ్యమని చెప్పు బిడ్డా."

చెప్తానన్నాను. చెప్పలేదు. వాళ్ల మీద ఎంత ఏవగింపో, నా మీద అంతకు రెట్టింపు.

దినకర్మ అయ్యాక పోయి అడిగాను. అక్కడి మేనేజరు ఎంతో మర్యాదగా, "జనం వచ్చేదే ఆ గొంతు కోసం సార్. అమ్మమ్మ ఇంటికి వెళ్లినట్టుందంటారు" అన్నాడు. పెద్దమ్మ అసలు ఇల్లు అక్కడికి ఆటోలో పది నిమిషాలు. ఆ జనంలో ఒక్కరూ గడప తొక్కలేదు.

అంతలో ఒక అమ్మాయి అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. "ఈ అమ్మమ్మను నిజంగా కలవొచ్చా అండీ?"

నేను నోరు తెరిచేలోపే మేనేజరు నవ్వుతూ చెప్పాడు. "రోజూ పది నుంచి ఆరు దాకా ఇక్కడే ఉంటారమ్మా."

ఆ అమ్మాయి సంబరంగా మళ్లీ అద్దాలు తగిలించుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ గోడకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.