పైకప్పు చూశాను, నీళ్లు చూడలేదు

ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం ఏడున్నరకు నేనూ, నా భార్య సరోజనా రామగుండం స్టేషన్‌లో చెన్నై బండి ఎక్కాం. మాది గోదావరిఖని. బొగ్గు గనిలో ఇరవై ఆరేళ్ల సర్వీసు నాది, ఇప్పుడు మైనింగ్ సర్దార్‌ని. అంటే షిఫ్టులో అందరికంటే ముందు లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి చూసి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేవాణ్ని. యాత్రలకని కంపెనీ ఇచ్చే సాయం ఇన్నాళ్లూ పిల్లల చదువులకే పోయింది. ఈసారి సరోజన పట్టుబట్టింది. "సముద్రం సూడాలె. ఒడ్డు మీదికెల్లి కాదు, నడుమకు పోయి సూడాలె" అంది. అందుకే అండమాన్.

ఎదుటి బెర్తులో మంచిర్యాల బట్టల వ్యాపారి ఒకాయన. మేం ఎక్కడికి వెళ్తున్నామో విని "ఆడ ఉక్కపోత బాగా ఉంటదట గదా అన్నా, ఎట్ల తట్టుకుంటరు?" అన్నాడు.

"మే నెల్ల మా ఖనికి రా తమ్మీ, గప్పుడు అడుగు" అన్నాను. ఆ మాట తప్పని తర్వాత తెలిసింది. మన ఎండ మాడుస్తుంది, అక్కడి ఎండ తెలియకుండా పిండేస్తుంది. టోపీ, నీళ్ల సీసా, ఓఆర్ఎస్ పొట్లాలు లేకుండా గది దాటకండి.

రాత్రి ఎనిమిదికి చెన్నై చేరి, విమానాశ్రయం దగ్గర లాడ్జిలో పడుకున్నాం. మంగళవారం పొద్దున విమానం. రెండుంపావు గంటల్లో పోర్ట్ బ్లెయిర్. బుధవారం ఉదయం ఆరున్నరకు నీల్ దీవికి ఓడ. ఎక్కడానికి అరగంట ముందు వాంతుల మాత్ర వేసుకోమని టికెట్ల దగ్గర అందరికీ చెప్పారు. సరోజన వేసుకుని, రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంది. గనిలో దిగేవాడికి ఓడ ఒక లెక్కా అని నేను నాలుగు పూరీలు లాగించాను. దారి పొడవునా నేను సంచిలో తల పెట్టుకుని కూర్చుంటే, ఆమె హాయిగా సముద్రం చూసింది.

జెట్టీ దగ్గర ఆటో అప్పారావు దొరికాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. వెదురు కాటేజీలో దింపాడు. నేను లోపల స్తంభాలన్నీ ఊపి చూశాను. బయట కొబ్బరిచెట్టు కింద ఉన్న కుర్చీలు దూరంగా జరిపాను. కాయ నెత్తిన పడితే దవాఖానే గతి, మీరూ జరపండి.

"నీ డ్యూటీ ఇంక దిగలేదా?" అంది సరోజన.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు అప్పారావు మమ్మల్ని రాతి వంతెన దగ్గరికి తీసుకెళ్లాడు. సముద్రం కొండను తొలిచి చేసిన పెద్ద కమాను అది. నీరు వెనక్కి తీసినప్పుడే రాళ్ల మీదుగా నడిచి వెళ్లగలం.

"పదిన్నరకి నీరు తిరుగుద్ది బాబూ. అప్పటికల్లా ఒచ్చీండి" అన్నాడు.

విన్నాను. కానీ కమాను కిందికి వెళ్లగానే నా కళ్లు పైకి పోయాయి. పైన పొడుగ్గా పగులు! జనం దాని కిందే నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

"సరోజనా, దీని కిందికి రాకు. గా రాయి మీద కూసో. నేనొచ్చేదాక కదలకు" అన్నాను. సముద్రం వైపు ముప్పై అడుగుల దూరంలో బల్లపరుపు రాయి అది. దాని మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. నెత్తి మీద ఏమీ లేని చోటును మించిన క్షేమం గనివాడికి తెలియదు.

ఒక కర్ర వెతికి కమానును తట్టడం మొదలుపెట్టాను. ఒక పక్క ఖణేల్‌మంది, ఇంకో పక్క బోలుగా పలికింది, అంటే అక్కడ రాయి వదులైనట్టే. కింద ఉన్న బెంగాలీ కుటుంబాన్ని హిందీలో గద్దించి బయటికి పంపాను. ఎవరో ప్రభుత్వ అధికారి అనుకున్నారేమో, నమస్కారం పెట్టి మరీ వెళ్లారు. నాకు గర్వంగానే ఉంది. ఎంతసేపు గడిచిందో చూసుకోలేదు.

"ఏటి బాబూ, అమ్మ ఏదీ? నీరు తిరిగిపోనాది!" అప్పారావు అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు.

తిరిగి చూశాను. ఆమె నడిచి వెళ్లిన రాళ్లు లేవు, అంతా నీళ్లే. బల్లరాయి మీద సరోజన కాళ్లు ముడుచుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అల ఆమె చీర తడిపి పోతోంది. అరవడం లేదు, నావైపే చూస్తోంది. మా ఇద్దరికీ ఈత రాదు.

అప్పారావు నా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దింపాడు. "కాలెత్తకండి, ఈడ్చుకుంటూ నడండి" అన్నాడు. రెండుసార్లు పడ్డాను, పగడపు రాయి మోకాలు చీరేసింది. ఆమెను చేరేసరికి నీళ్లు నడుము దాటాయి. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని, అప్పారావుకు తెలిసిన ఇసుక దారిన చుట్టు తిరిగి ఒడ్డుకు తెచ్చాం. ఒడ్డున కూలబడి ఏడ్చాను. గనిలో ఒకసారి పైకప్పు కూలిన రోజు కూడా నేను ఏడవలేదు.

దీవిలో చిన్న దవాఖాన ఉంది. నర్సు గాయం కడిగి, ఇంజెక్షన్ ఇచ్చింది. పగడం కోస్తే చీము పట్టడం ఖాయమని, వెంటనే మంచినీళ్లతో కడగాలని చెప్పింది. రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోవాల్సిందట. బయటికొచ్చాక సరోజన ఒకటే మాట అంది.

"ఈడ సర్దార్ అప్పారావు. నువ్వు గాదు."

ఆ తర్వాత రెండు రోజులూ అలాగే నడిచాం. అతను దిగమన్న చోట దిగాం, వద్దన్న చోట ఒడ్డునే కూర్చున్నాం. నీరు తిరిగే వేళ రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుందట, అందుకని ప్రతి పొద్దునా అడిగేవాణ్ని. అక్కడ ఐదున్నరకే పొద్దు గూకుతుంది, అంతకుముందే గదికి చేరేవాళ్లం. వెళ్లేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే దీవి చాలా సుఖమైన చోటు.

తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి పొద్దుటి బండి. వరంగల్ దాటాక, నాలుగు రోజులుగా గొంతులో ఆగిన మాట అడిగాను. "నీళ్లు వస్తుంటె లేచి రావద్దా? ఒక్క కేకన్న ఎయ్యకపోతివి."

సరోజన కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "వస్త అన్నవ్ గదా. ఇరవై ఆరేండ్ల సంది నువ్వు గనిలకు దిగినప్పుడల్ల నేను గట్లనే కూసుంటున్న. వాకిట్ల మోటరు సప్పుడైనా, ఎవలన్న ఉరికొచ్చినా పానం పోయినట్టయితది. ఇంట్లకెల్లి కేకేస్తె కింద ఎవలకు ఇనవడ్తది?"

షిఫ్టు దిగి ఏ వేళకు ఇంటికొచ్చినా అన్నం వేడిగా ఉండేది. ఆమె ఊరికే మేలుకుని ఉందనుకునేవాణ్ని. అది భయమని ఇన్నేళ్లలో ఒక్కనాడూ నాకు తట్టలేదు, అడగనూ లేదు. జమ్మికుంట, పెద్దపల్లి దాటి సాయంత్రం రామగుండంలో దిగేదాకా ఆమె చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఎదుటి బెర్తు వాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ.