సంతకానికి వచ్చిన కారు

మా అన్న ఆ తెల్ల కారును ముందు అద్దానికి కుంకుమ బొట్లు పెట్టించి, పూలదండ వేయించి మా ఇంటికి తెచ్చాడు. దానికి రెండు రోజుల ముందే నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకాలు పెట్టి వచ్చాను. శామీర్‌పేట దగ్గర మా నాయిన వదిలి వెళ్లిన పొలంలో నాకు ఏ హక్కూ అక్కర్లేదని ఆ కాగితాల సారాంశం. అన్న ఆ పొలాన్ని ప్లాట్లు చేస్తున్నాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అటువైపు చేలన్నీ అలాగే సున్నపు గీతలు గీసిన గళ్లుగా మారిపోతున్నాయి.

"పసుపు కుంకుమ కింద ఇస్తున్న చెల్లె, కాదనకు" అని తాళాలు నా చేతిలో పెట్టాడు.

నేను కాదనలేదు. పొలం విలువ ఎంతో, ఆ పాత కారు విలువ ఎంతో నాకు తెలియక కాదు. అడిగితే పుట్టింటి గడప తొక్కే దారి మూసుకుపోతుందని భయం. ఆ భయాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

అప్పుడు మేము బహదూర్‌పల్లిలో కొత్తగా లేచిన ఒక కాలనీలో ఉండేవాళ్లం. మా ఆయన జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చూసేవాడు. నేను గాజులరామారంలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. కాలనీలో మాకంటే ముందు కారున్న ఇళ్లు రెండో మూడో ఉండేవి. మా ఆయన ఆ సాయంత్రం కారును గేటు ముందు నుంచి వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు జరిపాడు, అందరూ చూసేదాకా.

మర్నాడు నేను దాన్ని కడగడానికి పూనుకున్నాను. తలుపు తీయగానే పాచిపోయిన కూరా, సారా, గుట్కా కలిసిన వాసన ముఖానికి కొట్టింది. అంతకుముందు సర్పంచి ఎన్నికల్లో అన్న ఈ కారులోనే మనుషుల్ని తిప్పాడు. వెనక సీటు కింద ఎండిన కోడి ఎముకలు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు, రెండు చేతులూ జోడించి నవ్వుతున్న అన్న బొమ్మతో కరపత్రాలు. తలుపుల లోపలివైపు గుట్కా ఉమ్మి చారలు కట్టి గట్టిపడింది. చాకుతో గీకితే గానీ ఊడలేదు. మూడు బకెట్ల సబ్బునీళ్లు అయ్యాక కూడా ఎండలో నిలబెడితే ఆ కంపు మళ్లీ బయటికి వచ్చేది. అద్దాలు దించుకుని తిరిగేవాళ్లం.

కొన్ని వారాలు కారు బాగానే నడిచింది. దగ్గర దగ్గర పనులకే తీశాం కాబట్టి లోపం బయటపడలేదు. కాలనీ రోడ్ల మీద నేనూ నడపడం నేర్చుకున్నాను. తర్వాత మా అమ్మకు కంట్లో పొర తీయించాల్సి వచ్చింది. ఆమె శామీర్‌పేటలో అన్న దగ్గర ఉండేది. ఆపరేషన్ పేరుతో నెల రోజులు మా ఇంట్లో ఉంచుకుందామని ఒక ఆదివారం ఇద్దరం కారులో వెళ్లి ఆమెను ఎక్కించుకుని బయల్దేరాం. మేడ్చల్ దాటాక డాష్‌బోర్డు మీద వేడిని చూపే ముల్లు మెల్లగా పైకి లేచింది. ఇంకాస్త దూరమే కదా అని మా ఆయన ఆపలేదు. గండిమైసమ్మ చౌరస్తాకు వచ్చేసరికి ముల్లు చివరికి తాకి, బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది.

కారు పక్కకు తీశాం. నేను సీట్లోంచి దిగి ముందుకు వచ్చేలోపే ఆయన బానెట్ ఎత్తి, చేతిరుమాలు మడిచి పట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. మరుగుతున్న నీళ్లు ఎగజిమ్మాయి. ఆయన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుడి అరచేతి నుంచి మోచేతి దాకా చర్మం చూస్తుండగానే ఎర్రబడి బొబ్బలెక్కింది. పక్క హోటల్ వాళ్లు చల్లనీళ్లు పోస్తూ ఉంటే నేను ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాను. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. అమ్మ వెనక సీట్లోనే కూర్చుని ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. దిగలేదు, ఒక్క మాట అనలేదు. భయపడిందనుకున్నాను.

చౌరస్తాలో ఉన్న మెకానిక్ ఒకడు వచ్చి కారు చుట్టూ తిరిగాడు. దేన్నీ ముట్టుకోకుండానే హెడ్ పోయింది, ఇంజన్ దించాలి అన్నాడు. కారును తన షెడ్డులో వదిలి వెళ్లమన్నాడు. నేను వదలలేదు. మా ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించి, సాయంత్రం ఒక ట్రాక్టర్‌కు తాడు కట్టించి కారును ఇంటికి లాగించుకున్నాను.

నాకు కార్ల గురించి తెలియదు. కానీ బావి మీద మా నాయినకు డీజిల్ ఇంజన్ ఉండేది. అది మొరాయించినప్పుడల్లా పానాలు అందించేది నేనే. అన్న ఆ టైముకు ఎక్కడో మాయమయ్యేవాడు. ఏ యంత్రమైనా ముందు విప్పకూడదనీ, ముట్టుకుని చూడాలనీ, వాసన చూడాలనీ నాయిన చెప్పేవాడు. నేను అదే చేశాను.

అమ్మకు వారం మధ్యలో ఆపరేషన్ అయింది. తర్వాతి ఆదివారం ఆమె కంటి మీద ఆకుపచ్చ గుడ్డతో పెరటి వైపు అరుగు మీద కూర్చుంది. మా ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. నేను మొదట ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీని బయటికి తీసి చూశాను. మెకానిక్ అన్నట్టు హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైమూత కింది పట్టీ, పోతే నీళ్లు ఆయిల్‌లో కలిసి అది పాల టీలా కనబడాలి. ఆయిల్ నల్లగా, మామూలుగానే ఉంది. నీళ్లు నింపి ఇంజన్ స్టార్ట్ చేశాను. పొగగొట్టంలోంచి తెల్లపొగ లేదు. కింద ఒక్క చుక్క కారలేదు. ఫ్యాను తిరుగుతోంది. నీళ్లున్నాయి, కారడం లేదు, ఫ్యాను తిరుగుతోంది, అయినా పది నిమిషాల్లో ముల్లు పైకి పోతోంది.

ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై పైపును ముట్టుకుంటే చెయ్యి కాలింది. రేడియేటర్ నుంచి ఇంజన్‌కు తిరిగి వచ్చే కింది పైపును ముట్టుకున్నాను. చల్లగా ఉంది. అంటే వేడినీళ్లు అటు నుంచి ఇటు రావడం లేదు, మధ్యలో ఎక్కడో ఆగిపోతున్నాయి. ఇంజన్ చల్లారాక థర్మోస్టాట్ విప్పాను. ఇంజన్ వేడెక్కినప్పుడు తెరుచుకుని నీళ్లను వదిలే చిన్న కవాటం అది. వంటింట్లో గిన్నెలో నీళ్లు మరగబెట్టి దాన్ని అందులో వేశాను. నీళ్లు తెర్లుతుండగా నిదానంగా నోరు తెరిచింది. దాని తప్పేం లేదు. ఇక మిగిలింది రేడియేటరే.

దాన్ని విప్పి బయటికి తీయడానికి మధ్యాహ్నం దాటింది. బోల్టులు తుప్పు పట్టి రెండు విరిగాయి. పెరట్లో బండ మీద తలకిందులుగా పెట్టి, కింది గొట్టంలో నీళ్ల పైపు దూర్చి నల్లా తిప్పాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత లోపల గుర్రుగుర్రుమని చప్పుడై ఒక్కసారిగా వాంతి చేసుకున్నట్టు వెళ్లగక్కింది. పసుపు రంగు బురద. పైన గోధుమరంగు జిగట, లోపల మేలిమి పసుపు, ఉండలు ఉండలుగా. నా కాళ్ల మీద, చీర అంచుల మీద పడింది. వేళ్లతో నలిపి చూశాను. మెత్తటి పిండి. ఆ తుప్పు కంపులో కూడా పసుపు వాసన తెలిసింది.

నా చేతుల్లోకి చూస్తూ మా ఆయన అదేంటని అడిగాడు. జవాబు అరుగు మీద నుంచి వచ్చింది.

"నేను అప్పుడే అడిగిన. గంత పసుపు ఏం జేస్తవురా అని" అంది అమ్మ.

ఆ మాట ఆమె నోరు జారి వచ్చింది. వెంటనే తెలుసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నల్లా కట్టేసి ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాను. ఎవరు, ఎప్పుడు, ఎంత అని ఒక్కొక్కటే అడిగాను. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఎన్నికల తిరుగుడులోనే రేడియేటర్ చిల్లిపడి నీళ్లు కారడం మొదలైందట. పసుపు వేస్తే చిల్లి మూసుకుంటుందని డ్రైవర్ చెప్పాడట. నేను సంతకం పెట్టి వచ్చిన సాయంత్రం అన్న అమ్మ దగ్గర ఇంట్లో కొట్టిన పసుపు డబ్బా సగానికి పైగా తీసుకుని పోయాడట.

"మరి కారులో కూసున్నప్పుడు చెప్పలేకపోయినవా? ఆయన మూత తీస్తాంటే చూస్తనే ఉంటివి" అన్నాను.

"చెప్తే నువ్వు వాని మీదికి పోతవని చెప్పలే బిడ్డా. వాడు ఊర్ల నలుగురిల తిరిగేటోడు. ఇజ్జత్ పోతది."

ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు. రోత పుట్టింది. పెరటి గోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. చేతుల నిండా ఆ బురదే. కాలిన చేతితో మా ఆయన, గుడ్డ కట్టిన కంటితో అమ్మ, ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. తిరిగి వచ్చి మళ్లీ నల్లా తిప్పాను. చీకటి పడేదాకా నీళ్లు పట్టాను. పసుపు పోయి నీళ్లు తేటగా వచ్చాక రేడియేటర్ కింది భాగంలో సన్నటి చిల్లి బయటపడింది. అందులోంచి నీటి దారం ఒకటి వంకరగా దూకింది. కనబడకుండా దాచింది ఇంతే. గుండుసూది పట్టేంత చిల్లి.

మర్నాడు బడి అయ్యాక గోనెసంచిలో చుట్టిన రేడియేటర్‌ను ఒక ఆటోలో పెట్టుకుని గాజులరామారంలో మాట్లు వేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు లేచిన చోట సుద్దతో గుర్తు పెట్టి, కాసేపట్లో అతికించి ఇచ్చేశాడు. ఆ వారమంతా సాయంత్రాలు కూర్చుని నేనే బిగించాను. పాతబడిన పైపు మార్చాను, మూత కొత్తది వేశాను. ఆ వచ్చిన ఆదివారం గండిమైసమ్మ దాకా నేనే నడిపి తెచ్చాను. ముల్లు సగం దగ్గరే నిలబడింది.

అమ్మను చూడటానికి అన్న ఆ తర్వాత వచ్చాడు. యాపిల్ పండ్లు తెచ్చాడు. ఇద్దరు మనుషులు వెంట ఉన్నారు, వాళ్లు గేటు బయటే నిలబడ్డారు. నేను దాచలేదు. రేడియేటర్‌లో ఏం దొరికిందో చెప్పి, మా ఆయన చేతిని చూపించాను.

"పాత బండ్లకు అందరు ఏస్తరు చెల్లె. నేను ఒక్కన్నే ఏసిన్నా? గంత జల్దీ మూత ఎవలు తియ్యమన్నరు?" అన్నాడు. గొంతులో ఏ తొట్రుపాటూ లేదు. ఇంకా నచ్చకపోతే మళ్లీ ఇంత పసుపు వేసి ఎవరికైనా అమ్మేయమని, కొనేవాణ్ని తనే చూస్తానని కూడా అన్నాడు. తప్పు చేశాననే జాడ ఆ ముఖంలో వెతికాను. కరపత్రం మీది నవ్వే ఉంది.

నేను ఇంకా ఏదో అనబోతే మా ఆయన అడ్డుపడ్డాడు. పోనీలే, బావ మనసులో ఏమీ లేదు అని, ఎడమచేత్తో అన్నకు టీ కప్పు అందించాడు. అన్న వేసిన ప్లాట్లలో ఒకటి మాకు తక్కువకు వస్తుందని ఆయన ఆశ అని నాకు తెలుసు. కుడిచేతి కట్టు కింద ఇంకా నీరు ఊరుతూనే ఉంది. నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ఆ ఇంట్లో నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

ప్లాటు రాలేదు. కారును మాత్రం ఆ తర్వాత నాలుగేళ్లు నేనే నడిపాను. ప్లగ్గులు మార్చడం, బ్రేకు ఆయిల్ చూడటం, ఫ్యాన్‌బెల్టు బిగించడం ఒక్కొక్కటిగా నేర్చుకున్నాను. అమ్మేటప్పుడు కొనడానికి వచ్చినాయనకు రేడియేటర్‌కు ఎక్కడ మాటు వేయించానో వేలు పెట్టి చూపించాను. అది విని ఆయన ఇంకెవరినైనా అడిగి వస్తానని వెళ్లిపోయాడు. వారం తర్వాత తనే వచ్చి తీసుకున్నాడు.

కారు అమ్మకముందు ఒక ఎండాకాలం, రెండో కంటి ఆపరేషన్ కోసం అమ్మ మళ్లీ మా ఇంట్లో ఉన్నప్పుడు, అన్న కొత్త జీపు మా కాలనీ మలుపులోనే ఆగిపోయింది. డ్రైవర్ ఎంత తిప్పినా టిక్కుటిక్కుమంటోంది, లేవడం లేదు. అన్న నాకు కబురు పంపాడు. వెళ్లకూడదనుకున్నాను. కానీ ఏమై ఉంటుందో చూడాలన్న దురద ఆగనివ్వలేదు. బానెట్ ఎత్తితే బ్యాటరీ తలల మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరుకుని ఉంది, ఎవరూ ఏడాదిగా ముట్టుకున్నట్టు లేదు. వేడినీళ్లు తెప్పించి పోసి, బ్రష్షుతో రుద్ది, క్లాంపులు బిగించాను. జీపు మొదటి తిప్పుకే లేచింది.

"మస్తు పని నేర్చినవ్ చెల్లె" అన్నాడు అన్న, ఆ నవ్వుతోనే.

క్లాంపులను నెలకొకసారి తుడిపించమని డ్రైవర్‌కు చెప్పి ఇంటికి వచ్చేశాను. పెరట్లో సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటూ ఉంటే అమ్మ అడిగింది, వాడు లోపటికి రాలేదా అని.

"నేను పిలవలే" అన్నాను.

ఆమె బియ్యం చేట ముందు వేసుకుని, దాన్ని బాగైన కంటి వైపుకు వంచుకుని రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.