తెరవని బ్యాకప్‌కు ప్రార్థన

ధర్మవరంలో పట్టుచీరల ఆన్‌లైన్ దుకాణం సొంతంగా నడిపే మా తమ్ముడు, దాన్ని కొత్త సర్వర్‌కు మారుస్తూ ఈ రోజు పాస్టర్‌నైన నన్ను ప్రార్థనకు పిలిచాడు. బైబిల్ తెరవబోతూ, బ్యాకప్ తెరిచి చూశావా అని అడిగాను.

"పెన్‌డ్రైవ్‌లో ఉండాదిలే అన్నా. పాత సర్వర్ పొద్దున్నే చెరిపేసినా."

"మగ్గం మీద పాత పడుగు దారాల కొసలుంటేనే కదరా కొత్త పడుగు అతికేది! కొసలు గూడా పీకేస్తివా?"

అప్పుడు తెరిచాడు. చీరల ఫొటోలన్నీ ఉన్నాయి. ఆర్డర్లు, పెళ్లివాళ్ల పేర్లు, చిరునామాలు ఒక్కటీ లేవు. నేసి మడతపెట్టిన చీరల్లో ఏది ఏ పెళ్లికి పోవాలో ఇక వాడికే తెలియదు.

దాచాననుకోవడం విశ్వాసం కాదు, బద్ధకం! ఇది రాస్తుంటే చీర ఎప్పుడొస్తుందని పెళ్లివాళ్ల నుంచి వాడి ఫోన్ మోగుతూనే ఉంది, వాడు ఎత్తడం లేదు. మీరు దాచుకున్నది ఎన్నడైనా తెరిచి చూశారా? ఇప్పుడే చూసి చెప్పండి.