ఒకడు తక్కువున్నడు

గద్వాల మార్కెట్లో కొత్త పల్లికాయల వాసన తగిలితే చాలు, కాయలు పోసే ఖాళీ గుమ్మిలో నేను దాక్కున్న సాయంత్రం గుర్తుకొస్తుంది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన మా నాయిన రోజూ అన్నానికి ముందు మా ఐదుగురు పిల్లలనూ వరసగా నిలబెట్టి, తలలు తాకుతూ లెక్కపెట్టేవాడు. అందరం ఉన్నామని తేలాకే ముద్ద ముట్టేవాడు. ఇంటికొచ్చినా పటాలం ఆట మానలేదనుకునేవాణ్ణి. ఆ రోజు ఆయన్ను ఆటపట్టించాలనే గుమ్మిలో దూరాను.

"ఒకడు తక్కువున్నడు," అన్నాడు నాయిన.

"గీడనే యాడనో ఉంటడు. పరేషాన్ గాకయ్యా," అంది అమ్మ.

"ఆడ యుద్ధంల గూడ గట్లనే అన్నరే!"

మూడు గంటలు దొరకలేదని మనవళ్లకు గొప్పలు చెబుతుంటాను. అబద్ధం. పావుగంటకే నాయిన గొంతు వణకడం విని నాకే భయమేసి, "గీడున్న నాయినా!" అంటూ బయటికొచ్చాను.

ఆయన కొట్టలేదు. నన్ను వరసలో నిలబెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఐదుగురమూ ఉన్నాం. అయినా ఇంకెవరో రావాలన్నట్టు వాకిలి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఎవరి కోసమో తెలియక నేనూ అటే చూశాను.

ఆయన చూసింది యుద్ధం నుంచి తిరిగిరాని తోటి జవాన్ల కోసమని, వాళ్లిక రారని నాకు అర్థమయ్యేసరికి, తప్పైందని చెప్పడానికి నాయిన లేడు.